లోపల పడుకున్న మనిషి

నేను పెళ్ళి చేసుకోలేదు. అయినా అరవై ఆరో ఏట ఒక భర్తను తయారు చేసుకున్నాను. ఆయన వయసు డెబ్బై ఒకటి. ఎడమ కాలు పడిపోయింది. మాట తక్కువ, నిద్ర ఎక్కువ. ఈ వివరాలన్నీ నోటుపుస్తకం చివరి పేజీలో రాసి పెట్టుకున్నాను. ఒక ఊళ్ళో ఎడమ కాలని చెప్పి ఇంకో ఊళ్ళో కుడి కాలని చెబితే పట్టుబడిపోతానని నా భయం.

ముప్పై ఒక్క సంవత్సరాలు ప్రభుత్వ ఆఫీసులో వర్షపాతం లెక్కలు రాశాను. పొద్దున ఎనిమిదిన్నరకు మండలాల్లో రెయిన్ గేజ్ చూసేవాళ్ళు. తొమ్మిదింటికల్లా ఫోన్లు వచ్చేవి. ఫలానా చోట పన్నెండు మిల్లీమీటర్లు, ఫలానా చోట నిల్లు. నేను రిజిస్టరులో ఎక్కించేదాన్ని. ఆ ఊళ్ళలో ఒక్కటీ నేను చూసింది కాదు. చర్లలో ఎంత కురిసిందో పదేళ్ళ లెక్క నోటికి చెప్పగలను గాని, చర్ల ఎటువైపుందో బస్సెక్కి చూసిన పాపాన పోలేదు. రిటైరయ్యాక ఖానాపురం హవేలిలో రెండు గదుల ఇంట్లో కిరాయికి ఉన్నాను. ఆ ఇంటివాళ్ళు పడగొట్టి కొత్తగా కట్టుకుంటామన్న నెలలోనే, ఒక స్కూలువాళ్ళు పిల్లల్ని తిప్పిన పాత వ్యాను అమ్మకానికి పెట్టారు. కొన్నాను.

పొడవు పదహారు అడుగులు, వెడల్పు అయిదు అడుగుల తొమ్మిది అంగుళాలు. వడ్రంగి చేత ఆరడుగుల బల్ల వేయించి దాని కింద నలభై లీటర్ల నీళ్ళ డ్రమ్ము పెట్టించాను. ఒక మూల చిన్న సిలిండరు, రెండు పొయ్యిల స్టవ్వు. వెనక తెర చాటున మరుగు. నేలకొండపల్లిలో ఉండే మా చెల్లెలు వచ్చి చుట్టూ తిరిగి చూసింది.

"అక్కా, ఇంట్ల ఉండమంటే బండిల ఉంటా అంటవేంది? బడికి పోయే పోరగాల్ల లెక్క."

"బడికి పోయేవాళ్ళు సాయంత్రం ఇంటికొస్తారు. నేను రాను, అంతే తేడా."

"భయం కాదా?"

కాదన్నాను. అప్పటికి నాకు తెలియదు. తెలిసే అవకాశమూ లేదు. ఆ వయసు వరకు నా భయాలన్నీ తలుపుకు గడియ పెడితే బయట ఉండిపోయేవి. బండికి కూడా గడియ ఉంది. కాని బండి ఆగిన చోటు నాది కాదు, అక్కడే ఉంది చిక్కంతా.

మొదటి నలభై రోజుల్లో "ఒక్కదానివేనా?" అని ఇరవై ఏడుసార్లు అడిగారు. అడిగినవాళ్ళందరూ చెడ్డవాళ్ళు కాదు, సగానికి పైగా ఆడవాళ్ళే. అయినా ఆ మాట వినగానే అరచేతులకు చెమట పట్టేది. పెట్రోలు బంకు పక్కన ఆపితే లారీలవాళ్ళు, గుడి దగ్గర ఆపితే పనిలేక కూర్చున్నవాళ్ళు, పొలాల దగ్గర ఆపితే ఎవరూ లేకపోవడం. మూడింట్లో ఏది తక్కువ భయమో చాలా రోజులు తేల్చుకోలేకపోయాను. ప్రార్థన చేసుకునేటప్పుడు కూడా కళ్ళు మూసుకునేదాన్ని కాదు.

పెనుబల్లి దాటాక ఒక మామిడితోట పక్కన, మిట్టమధ్యాహ్నం, మోటారు సైకిలు మీద ఇద్దరు మగవాళ్ళు నా బండి చుట్టూ మూడుసార్లు తిరిగారు. నేను పప్పు తాలింపు వేస్తున్నాను. వాళ్ళు దిగి కిటికీలోంచి లోపలికి తొంగిచూశారు.

"ఎవరెవరున్నరమ్మా?"

"మా ఆయన లోపల పడుకున్నాడు," అన్నాను. ఆ మాట నేను ఆలోచించి అన్నది కాదు. నోరే అనేసింది.

వాళ్ళు గొంతు తగ్గించి, "అవ్నా, సరే సరే," అంటూ వెళ్ళిపోయారు. తాలింపు మాడిపోయింది. మాడిన వాసన మధ్య నిలబడి నేను అనుకున్నది ఒక్కటే: ఇంత సులువా?

మర్నాడే తొమ్మిదో నంబరు మగవాళ్ళ చెప్పులు కొని, బురద పూసి మెట్టు దగ్గర పెట్టాను. బల్ల మీద పొడుగు దిండూ, తలగడా పేర్చి దుప్పటి కప్పాను. కిటికీలోంచి చూస్తే గోడవైపు తిరిగి పడుకున్న మనిషే. ఒకటి రెండుసార్లు లోపలికి వెళ్ళి మగగొంతుతో దగ్గాను కూడా. ఆ తర్వాత నాకు నిద్ర పట్టింది. బండిలో చేరిన యాభై మూడో రోజుకు.

జూలై నెలలో భద్రాచలం దాటి చర్ల రోడ్డున పోయాను. రోడ్డు దిగి, ఒక వాగు మీది చప్టా దాటితే, మెరక మీద ముప్పై ఇళ్ళ ఊరు. వాగుకూ మెరకకూ మధ్య చదునైన నేల, పక్కనే చేతిబోరింగు. బండి నుంచి బోరింగుకు ముప్పై రెండు అడుగులు. నీళ్ళు మోయగలిగే దూరం. చప్టా మీదుగా ఎవరు వచ్చినా దూరం నుంచే కనబడతారు. అక్కడ ఆపాను.

మెరక మీద మొదటి ఇంటి ఇల్లాలు బిందెతో బోరింగుకు వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. తన మనుషులతో వాళ్ళ భాషలో మాట్లాడుతుంది, నాతో తెలుగులో.

"ఈడ ఆపకు పెద్దమ్మా. గోదారొస్తది."

"గోదావరి మూడు కిలోమీటర్లుంది కదా బిడ్డా."

"ఉంటే ఏంది? వాగులకెల్లి ఎగదంతది. ఈ బోరింగు దాక వస్తది."

"నాలుగు రోజుల నుంచి చుక్క పడలేదు. నేను కొలుస్తున్నాను."

"ఈడి వానతోని దానికేం పని? పైన యాడనో పడ్తది, ఈడికొస్తది. మా ఇంటి ముందట జాగున్నది, పైకి తోలుకో."

నాకు గోదావరి తెలియదా అనుకున్నాను. భద్రాచలంలో నలభై మూడు అడుగులు వస్తే మొదటి హెచ్చరిక అని ఎన్నిసార్లు రాయలేదు! ఫోనులో పైనున్న ఊళ్ళ లెక్కలు చూశాను. నీళ్ళు దిగి రావడానికి పట్టే గంటలు కాగితం మీద వేశాను. ఏ రోజుకారోజు రెండు రోజుల వ్యవధి ఉన్నట్టే తేలేది.

కాని నేను పైకి వెళ్ళకపోవడానికి అసలు కారణం ఆ లెక్క కాదు. పైకి వెళితే ఇళ్ళ మధ్య ఉండాలి. ఇళ్ళ మధ్య ఉంటే రెండు రోజుల్లో లోపల ఎవరూ లేరని తెలిసిపోతుంది.

"మా ఆయనకు అలికిడి పడదు బిడ్డా. కాలు పడిపోయి మంచంలోనే ఉంటాడు," అన్నాను.

ఆమె ముఖం మారింది. ఆ సాయంత్రమే స్టీలు గిన్నెలో జొన్నజావ తెచ్చింది. ఇద్దరికి సరిపడా.

అలా రోజుకు రెండు పూటలు తెచ్చేది. రెండు వాటాలూ నేనే తాగేదాన్ని. పారబోయడానికి చేతులు రాలేదు. ఖాళీ గిన్నె తీసుకుంటూ అడిగేది.

"తాత తాగిండా?"

"తాగాడు."

"ఎట్లున్నదన్నడు?"

ఏదో ఒకటి చెప్పాలి కదా. "ఉప్పు కొంచెం తగ్గిందన్నాడు," అన్నాను. మర్నాటి జావలో ఉప్పు ఎక్కువైంది. అది కూడా తాగాను. నోటుపుస్తకం చివరి పేజీలో "ఉప్పు ఎక్కువ తింటాడు" అని చేర్చాను.

ఆమె భర్త పొలం నుంచి వస్తూ ఒకరోజు బండి దగ్గర ఆగాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మాట మెత్తన.

"పెద్దమ్మా, తాతను బయట మంచం మీద కూసోబెడదాం. గాలి తగుల్తది. నేనెత్తుకుంట, మా నాయన్ను మూడేండ్లు గట్లనే ఎత్తుకున్న."

"వద్దు బాబూ. ఎవరైనా ముట్టుకుంటే ఆయనకు కోపం."

"మా నాయన గంతే. తిట్టుకుంట తిట్టుకుంట మెడ పట్టుకునేటోడు," అని నవ్వి వెళ్ళిపోయాడు.

ఆ నవ్వు విన్నాక ఆయనకు నిజం చెప్పేద్దామనిపించింది. అనిపించడం వరకే. చెబితే ఆయన ఇంకొకరికి చెబుతాడు, వాళ్ళు ఇంకొకరికి. చప్టా మీదుగా రోజుకు ఎన్ని బండ్లు పోతాయో నా దగ్గర లెక్కుంది. వాటిలో ఎవరి చెవినైనా పడుతుంది. మెట్టు మీద కూర్చుని ఇలా ఒకరి తర్వాత ఒకరిని ఊహించుకుంటూ నేనే వణికేదాన్ని.

ఆరో రోజు గురువారం. పొద్దున ఎనిమిదిన్నరకు, బండి పక్కన పెట్టుకున్న నా రెయిన్ గేజ్‌లో నిల్లు. ఆకాశం తెల్లగా, ఎండ చురుక్కుమంటోంది. మధ్యాహ్నం ఒంటిగంట నలభైకి గిన్నెలు కడుక్కోవడానికి వాగు ఒడ్డుకు దిగాను. అన్నం తిని ఎవరో పారేసిన మోదుగాకు విస్తరి ఒకటి నీళ్ళ మీద తేలుతూ నా ముందు నుంచి పోతోంది. గోదావరి వైపు కాదు. గోదావరి వైపు నుంచి, అడవిలోకి.

కాసేపు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, వాగు వెనక్కి పారుతోంది. చప్పుడు లేదు. వరదంటే హోరు ఉంటుందనుకునేదాన్ని. ఈ నీళ్ళు నిద్రపోతున్న మనిషి పొట్టలా మెల్లగా ఉబ్బుతున్నాయి, అంతే.

అప్పుడే బండెక్కి పైకి తోలుకుపోవాలి. నేనేం చేశానంటే, ఒక పుల్ల విరిచి నీటి అంచున గుచ్చి వాచీ చూశాను. పది నిమిషాలకు జానెడు ఎక్కింది. ఒడ్డు ఎత్తు ఎంత, బండికి దూరం ఎంత అని లెక్క వేస్తే గంటన్నర వ్యవధి తేలింది. గిన్నెలు కడగడం ముగించాను. ఇప్పటికీ ఆ గిన్నెలు గుర్తొస్తే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఒడ్డు దాటాక నీళ్ళు ఎక్కవు, పరుచుకుంటాయి. ఈ మాట ఆ ఊళ్ళో చంటిపిల్లకు కూడా తెలుసు. పైగా బండికీ మెరకకూ మధ్య నేల పల్లం. ఎదురుగా వాగును కాపలా కాస్తూ కూర్చున్న నాకు నీళ్ళు వెనక నుంచి వచ్చాయి. రెండు గంటల ఇరవైకి చూస్తే బండి ఒక దిబ్బ మీద ఉంది, చుట్టూ నీళ్ళు.

ఇంజను ఆడింది. నల్లరేగడిలో వెనక చక్రాలు గిర్రున తిరిగి దిగబడ్డాయి. రెండోసారి ఇంకా దిగాయి. మూడోసారికి ఇంజను ఆగిపోయింది.   స్టీరింగు పట్టుకుని కూర్చుండిపోయాను, వాచీ చూడడం కూడా మరిచిపోయాను.

ఆమె భర్త, ఇంకొకతను నీళ్ళలోకి దిగి వచ్చారు. చెరో రెక్కా పట్టుకుని నన్ను నడిపించారు. నడుముదాకా నీళ్ళు. కాలి కింద నేల జారిపోతుంటే ఆయన, "కాళ్ళ దిక్కు చూడకు, మా ఇంటిది నిలబడ్డది సూడు, ఆడికి చూసుకుంట రా," అన్నాడు. అలాగే చూస్తూ నడిచాను. ఒడ్డున ఆమె చేతులు చాచి నిలబడి ఉంది.

మెరక మీద ఊరివాళ్ళే కాక, చప్టా మునగడంతో ఆగిపోయిన బాటసారులు కూడా ఉన్నారు. ఒక ఆటో, నాలుగు మోటారు సైకిళ్ళు. ఎక్కడివాళ్ళో తెలియని పదకొండు మంది మగవాళ్ళు. ఆ స్థితిలోనూ లెక్కపెట్టాను.

"తాత?" అన్నాడు ఆయన.

నేను మాట్లాడలేదు. ఊపిరి అందలేదని తర్వాత చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజం కాదు. ఊపిరి అందింది. ఆ పదకొండు మంది నావైపే చూస్తున్నారు. ఒక్కదాన్నే అని ఇప్పుడు చెబితే అందరికీ తెలిసిపోతుంది. బండి పోతే ఈ పొద్దు ఎక్కడ పడుకోవాలి, వీళ్ళెవరో, ఏమిటో. నా తలలో ఉన్నది ఇదే. ఒక మనిషి ప్రాణం పక్కన ఇది ఎంత చిన్న లెక్కో నాకు తెలుసు. అయినా ఆ లెక్కే వేసుకుంటూ నిలబడ్డాను.

ఆయన నా మౌనాన్ని ఏడుపనుకున్నాడు. "ఏం గాదు పెద్దమ్మా, నేను తెస్తా," అని మళ్ళీ నీళ్ళలోకి దిగాడు.

అప్పుడు టైము రెండు గంటల నలభై ఒకటి.

ఆయన ఛాతీదాకా నీళ్ళలో నడిచి, చివర ఈది, బండి తలుపు తెరిచి లోపలికి ఎక్కాడు. ఎక్కిన కాసేపటికి బండి వెనకభాగం తేలింది. మెల్లగా తిరిగి, బోరింగుకు తగిలి, తలుపు ఉన్న వైపుకే ఒరిగింది. తలుపు నీళ్ళలోకి పోయింది. ఆమె వాళ్ళ భాషలో భర్తను పిలిచింది. ఆ పిలుపు అర్థం కావడానికి నాకు ఆ భాష రానక్కర్లేదు.

"లోపల ఎవరూ లేరు," అన్నాను.

నా గొంతు నాకే వినబడలేదు. ఆమె తిరిగి చూసింది.

"ఏందన్నవ్?"

"లోపల ఎవరూ లేరు బిడ్డా. నాకు భర్త లేడు. నేనొక్కదాన్నే."

ఆమె నా ముఖంలోకి ఎంతసేపు చూసిందో ఆ ఒక్కటి మాత్రం నాకు తెలియదు. తర్వాత నీళ్ళవైపు తిరిగి అరవడం మొదలుపెట్టింది. ఆయనకు వినబడలేదు. గిన్నెలు, డబ్బాలు, సిలిండరు ఆ రేకుల డబ్బాలో కొట్టుకుంటున్నాయి. మాకు మాత్రం ఆయన గొంతు వినబడింది.

"తాతా! ఓ తాతా!"

ఏడుసార్లు పిలిచాడు. లేని మనిషిని. ఎనిమిదోసారి వినబడలేదు.

ఆమె నడుముకు కొంగు బిగించి నీళ్ళలోకి దూకబోతే ఆటో నడిపే అతను పట్టుకుని ఆపాడు. సామాను కట్టుకునే తాడు తెచ్చి, ఒక కొస చెట్టుకు కట్టి, తానూ ఇంకో ముగ్గురూ పట్టుకుని దిగారు. నేను ఎవరిని చూసి నోరు మూసుకున్నానో వాళ్ళే. ముందువైపు అద్దం రాయితో పగలగొట్టి ఆయన్ను బయటికి లాగారు. మూడు గంటల నాలుగు నిమిషాలకు ఒడ్డున పడుకోబెట్టారు.

నీళ్ళు కక్కాడు. కుడి మణికట్టు తలుపుకూ బల్లకూ మధ్య పడి విరిగి, చెయ్యి అడ్డదిడ్డంగా వేలాడుతోంది. కళ్ళు తెరవగానే నన్ను వెతికాడు.

"తాత దొరకలే పెద్దమ్మా. దుప్పటి కింద చూసిన. దిండ్లే ఉన్నయి. బల్ల కింద పడ్డడేమో అని చెయ్యి పెట్టి దేవిన. దొరకలే," అని ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా.

నేను కూర్చుని, ఆయనకు వినబడేలా, ఆ పదకొండు మందికీ వినబడేలా చెప్పాను. బండిలో మొదటి నుంచి నేనొక్కదాన్నేనని, భయపడి అబద్ధం చెప్పానని. ఎవరూ తిట్టలేదు. ఆటో అతను తాడు చుట్టుకుంటూ, "ఏం మనిషివమ్మా," అన్నాడు. అంతే. ఆమె మాత్రం భర్త తల ఒడిలో పెట్టుకుని నావైపు చూడకుండా కూర్చుంది.

చుట్టుదారిన ట్రాక్టరు మీద ఆయన్ను భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయారు. నేనూ ఎక్కాను. ఎవరూ ఎక్కమనలేదు, దిగమనలేదు. ఎముక సరిచేసి పట్టీ వేసి, ఆరు వారాలు చేతితో ఏ పనీ చెయ్యొద్దన్నారు. ఆరు వారాలంటే నాట్ల కాలం మొత్తం.

నీళ్ళు తీయడానికి అయిదు రోజులు పట్టింది. బండిలో జానెడు మందాన ఒండ్రు పేరుకుంది. ఇంజను మెకానిక్కుకు వెళ్ళింది. నేను వాళ్ళ ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన చేయవలసిన పొలం పనికి ఆమె దిగింది. ఆమె చేసే వంట, నీళ్ళు, ఇల్లు ఊడ్చడం నేను తీసుకున్నాను. నడుము వంగి నాటు వేయడం నా వల్ల కాదని ఒక్కపూటలోనే తేలింది.

రెండు రోజులు ఆమె నాతో మాట్లాడలేదు. మూడో రోజు పొద్దున నేను అన్నం వడ్డిస్తుంటే ఇంకో పళ్ళెం తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇది తాతకు. ఉప్పు చూసుకొమ్మను."

 ఆయన గోడకు ఆనుకుని, "ఊకోవే," అన్నాడు.

"ఎందుకూకోవాలె? పది పూటలు కాసి పోసిన. ఉప్పు తక్కువంటే ఎక్కువేసిన. ఎక్కువంటే తక్కువేసిన."

"ఎక్కువైందని నేను అనలేదు," అన్నాను. అదేమిటో, నాకు తప్పు లెక్క వింటే సరిచేయకుండా ఉండబుద్ధి కాదు.

ఆమె నన్ను చూసింది. ఆయన నవ్వాడు. నవ్వితే చెయ్యి నొచ్చి, "అబ్బా," అన్నాడు. ఆమెకూ నవ్వు వచ్చింది, కాని కోపం దాచుకోలేదు. "గంత మంచి మొగుడు ఎవలకు దొరుకుతడు! మాట మాట్లాడడు, కల్లు తాగడు, యాడికీ పోడు. నాకన్న ఒకడుంటే సూడు పెద్దమ్మా," అంది. ఆ తర్వాత రోజుకో మాట అనేది. కూర మాడితే తాతకు పెట్టమనేది. వాన పడితే తాత తడుస్తున్నాడేమో చూడమనేది. ప్రతి మాటా గుచ్చుకునేది. అయినా మాట్లాడుతోంది కదా అని పడేదాన్ని.

ఒక సాయంత్రం నాటు నుంచి వచ్చి కాళ్ళ బురద కడుక్కుంటూ, తల ఎత్తకుండా అడిగింది.

"మొగోళ్ళకు చెప్పలే, సరే. నాకెందుకు చెప్పలే?"

నేను చెంబుతో ఆమె కాళ్ళ మీద నీళ్ళు పోశాను.

"నేను మొగోణ్ణా? నీ బండి ఎత్తుకపోతనా? మొదటిదినమే నా చెవుల వేస్తే ఏమైతుండె?"

"నాకు తట్టలేదు బిడ్డా," అన్నాను. అది నిజం. ఆ ఊళ్ళో ఎవరికి ఏ అబద్ధం చెప్పాలో పేజీ నిండా రాసుకున్న నాకు, ఒక్కరికి నిజం చెప్పవచ్చని తట్టలేదు.

"ఎండకాలం తునికాకుకు అడవిలకు పోతం. నాకు భయం కాదనుకుంటున్నవా? ఎలుగొడ్డుంటది, మనుషులుంటరు. పొయ్యేముందు ఇంటికాడ ఉన్న ముసలామెకు లెక్క చెప్పి పోతం. ఇయ్యాల అయిదుగురం, ఇయ్యాల నేనొక్కదాన్నే, అని. మర్లొచ్చినంక ఆమె మళ్ళ లెక్కవెడ్తది. ఒకలు తక్కువైతే ఊరు లేస్తది. తక్కువ చెప్తే తప్పిపోయినోళ్ళు సస్తరు, ఎక్కువ చెప్తే ఎతికేటోళ్ళు సస్తరు."

బురద కడుక్కుని లోపలికి వెళ్ళిపోయింది. నేను ఆ పూట తిండి తినలేదు. ఆమె పళ్ళెం పెట్టింది గాని, తాత మాట ఎత్తలేదు.

ఆయన చేతి పట్టీ విప్పాక, బాగయిన బండి తీసుకుని మళ్ళీ బయలుదేరాను. చెల్లెలు ఫోనులో, ఇక చాలు, ఇంటికి రమ్మంది. వెళ్ళాలనే అనుకున్నాను. వెళితే మిగిలిన రోజులన్నీ ఆ ఏడు పిలుపులు నాలుగు గోడల మధ్య వినవలసి వస్తుందని వెళ్ళలేదు. బయలుదేరే ముందు ఆయన చెయ్యి చాచి పిడికిలి బిగించి చూపించాడు. చిటికెన వేలు పూర్తిగా మడవడం లేదు. ఇప్పటికీ మడవదు.

ఆమె చెప్పినట్టు, ఆగిన ప్రతి చోటా మొదటి ఇంటి ఆడమనిషికి బండిలో నేనొక్కదాన్నేనని చెబుతున్నాను. చెప్పే ముందు ఇప్పటికీ చేతులకు చెమటలు పడతాయి. మగవాళ్ళు అడిగితే అందరికీ నిజమే చెబుతున్నానని అనను. పందొమ్మిది మంది అడిగారు. పద్నాలుగు మందికి చెప్పాను. అయిదుగురికి చెప్పలేకపోయాను. కాని ఆ అయిదు చోట్లా ఊళ్ళో ఒక ఆడమనిషికి తెలుసు. ఇది కాక రోజూ సాయంత్రం ఆరింటికి, జావ పోసిన ఆ ఇల్లాలికి ఫోను చేసి, ఎక్కడున్నానో, ఎంతమందిమో చెప్పాలి. ఎంతమందిమో ఎందుకు, ఎప్పుడూ ఒకటే కదా అంటే, "చెప్పు," అంటుంది.

దమ్మపేట దాటి అడవి అంచున ఒక చెరువు దగ్గర ఆపినప్పుడు సిగ్నలు సరిగా లేదు, వచ్చి పోతోంది. కట్ట చివరిదాకా నడిస్తే బాగా దొరికేది. మోకాళ్ళు నొప్పిగా ఉన్నాయి. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. మొదటి ఇంటామెకు చెప్పాను కదా, చాలనుకున్నాను.

మర్నాడు పదకొండున్నరకు చెరువు కట్ట మీద ఒక షేర్ ఆటో ఆగింది. అందులోంచి ఎవరో దిగి బండివైపు గబగబా నడిచి వస్తుంటే, అలవాటుగా లోపలికి వెళ్ళి గడియ పెట్టబోయాను. దగ్గరికొచ్చాక తెలిసింది, ఆమె, చప్టా ఊరి ఇల్లాలు. మూడు బండ్లు మారి వచ్చింది. అంతకు ముందు రోజు నేను ఫోనులో చెప్పిన ఊరు పట్టుకుని, అక్కడి నుంచి అడుగుతూ వచ్చింది. చెప్పులు చేతిలో ఉన్నాయి, ఒకటి తెగింది.

నన్ను పైనుంచి కిందికి చూసింది. భుజం పట్టుకుని ఒక్క కుదుపు కుదిపింది.

"ఫోను చెరువుల పడ్డదా?"

"సిగ్నలు లేదు బిడ్డా."

"నడిస్తే ఉన్నది గద. వచ్చుకుంట చూసిన. తెల్లార్లు ఆయన నిద్రపోలే. తాను వస్తనంటే నేనే ఆపిన. ఒకపారి పోయి ఎతికింది చాలు, ఈపారి నేను పోతనన్న."

 ఆమె నా చెయ్యి పట్టుకుని కట్ట మీదుగా నడిపించింది. సిగ్నలు ఉన్న చోట ఆగి ఫోను చేసింది. ముందు వాళ్ళ భాషలో ఏదో అంది. తర్వాత నాకు అర్థం కావాలని కాబోలు, తెలుగులో చెప్పింది.

"ఉన్నది. అవ్, ఒక్కతే. మంచిగనే ఉన్నది, ముసల్ది."

ఫోను నాకిచ్చింది. "అడుగుతున్నడు, మాట్లాడు."

"పెద్దమ్మా," అన్నాడు ఆయన. నేను క్షమించమనబోయాను. ఆయన వినిపించుకోలేదు.

"నీళ్ళకు ఎంత దూరంల ఆపినవ్?"

అంచనాగా చెప్పవచ్చు. చెప్పలేదు. ఫోను చెవికి ఆనించుకునే బండి దగ్గరికి నడిచాను. సిగ్నలు ఎక్కడ తెగిపోతుందోనని భయం. తెగలేదు, గరగరమంటూ ఉంది. వెనక చక్రం దగ్గర నుంచి చెరువు అంచువైపు ఒకటి, రెండు అని అడుగులు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆమె నా పక్కనే నడుస్తోంది. అవతల ఆయన మాట్లాడకుండా ఆగి ఉన్నాడు.